పాత కారులోని శీతల యంత్రము: ఇంట చేయదగిన పని, చేయరాని పని

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునని మనవారి మాట. ఆ దినములలో మధ్యాహ్నము రెండు గంటలవేళ ఎండలో నిలిపిన కారు తలుపు తెరచిన వారికి ఆ మాటలో అతిశయోక్తి లేదని తెలియును. స్టీరింగు చక్రముపై చేయి ఆనదు. సీటుపై వీపు ఆనదు. ఏసీ మీట త్రిప్పగా చల్లని గాలికి మారుగా పొయ్యిముందరి గాలి వచ్చినచో, ఇంటి యజమాని నోట వెలువడు మాట ఒక్కటే: "గ్యాసు అయిపోయినట్లున్నది." కారును షెడ్డుకు తీసికొని పోయినచో మెకానిక్కు చెప్పు మాటయు అదియే. గ్యాసు పట్టింతురు, సొమ్ము పుచ్చుకొందురు, కారు చల్లబడును. మరుసటి చైత్రమునకు కథ మరల మొదటికి వచ్చును.

ఈ మాట ఎంతవరకు నిజమో విచారించుటయే ఈ ప్రసంగపు పని. మేము చెప్పునది పదిహేను, ఇరువది, ఇరువదియైదు సంవత్సరముల వయస్సుగల కార్లను గూర్చి మాత్రమే. నేటి క్రొత్త కార్ల ఏర్పాటు వేరు, వాని జోలికి మేము పోము.

మొదట ఒక్క సంగతి తేటపడవలెను. ఈ యంత్రములో గ్యాసు "అయిపోవుట" అనునది లేదు. పెట్రోలు మండి పొగయై బయటికి పోవును గనుక అది అయిపోవును. ఈ గ్యాసు మండదు, అరగదు, ఖర్చుకాదు. మూసిన గొట్టములలో గానుగెద్దువలె తిరిగిన చోటనే తిరుగుచుండును. మన వంటింటి ఫ్రిజ్జును చూడుడు. పది పదునైదేండ్లు దానిలో ఎవరును గ్యాసు నింపరు. దాని మోటారు, కంప్రెసరు రెండును ఒక్క ఉక్కుడబ్బాలో పెట్టి అతికివేయబడినవి. గ్యాసు పోవుటకు సందు లేదు. కారులో అట్లు కుదరదు. కంప్రెసరును ఇంజను బెల్టుతో త్రిప్పవలెను గనుక దాని ఇరుసు డబ్బా వెలుపలికి రావలెను. ఆ ఇరుసు చుట్టు రబ్బరు సీలు వేయవలెను. ఇంజను అదరుచుండును గనుక కొంత మేర ఉక్కుగొట్టములకు బదులు రబ్బరు గొట్టములు వాడవలెను. ప్రతి అతుకునందును ఒక రబ్బరు వలయము కలదు. కావున ఏండ్లు గడచినకొలది కొద్ది కొద్దిగా ఆవిరి జారిపోవుట సహజమే. అది అయిదారేండ్లలో తెలియవచ్చు నష్టము. ఒక వేసవిలో పట్టించిన గ్యాసు మరు వేసవికి లేదన్నచో అది వయస్సువలన కలిగిన నష్టము కాదు. ఎక్కడనో రంధ్రమున్నది. రంధ్రమును వెదకక గ్యాసు నింపుట చిల్లి కుండలో నీరు పోయుటయే.

యంత్రపు తత్త్వము మనకు క్రొత్తది కాదు. సూదిమందు వేయుటకు ముందు వైద్యుడు చేతిపై స్పిరిటు రాయును. చల్లగా తోచును. ద్రవము ఆవిరియగుటకు వేడి కావలెను. ఆ వేడిని అది మన చర్మమునుండి లాగుకొనును. మట్టికుండలోని నీరు చల్లబడుటయు, వట్టివేళ్ళ తడికపై నీరు చల్లిన గది చల్లబడుటయు ఇట్టిదే. ఐతే స్పిరిటు ఆవిరియై గాలిలో కలిసిపోవును. ఆ ఆవిరిని పట్టి, నొక్కి, వేడిని బయటికి తోలి, మరల ద్రవముగా మార్చి, అదే ద్రవమును మరల మరల వాడుకొనగలిగినచో అదియే శీతల యంత్రము.

కారులో ఈ పనికి నాలుగు ముఖ్యావయవములు కలవు. కంప్రెసరు ఆవిరిని నొక్కును. నొక్కిన ఆవిరి మిక్కిలి వేడెక్కి, ముందు జాలీవెనుక రేడియేటరునకు ముందరనున్న కండెన్సరులోనికి పోయి, అచట గాలికి తన వేడినిచ్చి ద్రవమగును. ఆ ద్రవము సన్నని గొట్టముగుండా వచ్చి, ఎక్స్‌పాన్షను వాల్వు అను సూదిబెజ్జమువంటి ద్వారమునుండి ఇవాపొరేటరులోనికి చిమ్మబడును. డాష్‌బోర్డు క్రింద దాగియున్న ఆ పెట్టెలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోవుటచే ద్రవము మరిగి, కారులోని గాలినుండి వేడిని లాగుకొనును. ఆవిరి లావు గొట్టముగుండా కంప్రెసరునకు తిరిగి చేరును. దారిలో రిసీవర్ డ్రయ్యరు అను చిన్న సీసావంటి భాగము తేమను పీల్చుచుండును.

ఇందు వాడు ఆర్-134ఎ అను గ్యాసు సామాన్యపు గాలి ఒత్తిడిలో సున్నకు దిగువ 26 డిగ్రీల సెంటిగ్రేడునకే మరుగును. అదే గ్యాసును చదరపు అంగుళమునకు సుమారు 200 పౌనుల ఒత్తిడిలో నుంచినచో 55 డిగ్రీలవద్దగాని ఆవిరి కాదు. వెలుపలి గాలి 42 డిగ్రీలున్నను, 55 డిగ్రీల వస్తువునుండి ఆ గాలికి వేడి పోగలదు. మన మండువేసవిలో కండెన్సరు పనిచేయుట ఈ కిటుకువలననే. కండెన్సరుపై గాలి సరిగా ఆడనినాడు లోన ఒత్తిడి ఇంకను పెరిగి యంత్రము రొప్పును. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ఇంట చేయదగిన పనిలో సగము దీనిపై ఆధారపడియున్నది.

ఇచ్చట కొంచెము పూర్వకథ. కారులో శీతల యంత్రమును మొదట అమరికగా అమ్మకమునకు పెట్టినది అమెరికాలోని ప్యాకర్డు కంపెనీ. 1939లో షికాగోలో ప్రదర్శించిన ఆ కారున సామాను పెట్టుకొను డిక్కీలో పెద్దభాగమును ఈ యంత్రమే ఆక్రమించినదట. ఆపుటకు మీట కూడ లేదు. చల్లదనము వలదన్నచో కారు నిలిపి, బానెట్టు ఎత్తి, బెల్టు ఊడదీయవలసినదే! నేడు మనము ఒక్క మీటతో ఆపుచున్నామన్నచో అది తరువాత వచ్చిన విద్యుదయస్కాంతపు క్లచ్చి చలువ.

ఆనాటి గ్యాసు ఆర్-12. దానికి పూర్వము శీతల యంత్రములలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు వంటి విషవాయువులు వాడెడివారు. థామస్ మిడ్జిలీ అను రసాయనజ్ఞుడు 1930లో అమెరికా రసాయన సంఘమువారి ఎదుట ఆర్-12ను గుండెలనిండ పీల్చి, క్రొవ్వొత్తిపై ఊది ఆర్పి, అది విషము కాదనియు, మండదనియు ఋజువు చేసెను. పీల్చినవానికి హాని లేకపోయినది గాని ఆకాశమునకు హాని కలిగినది. 1974లో మొలీనా, రోలండు అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఈ జాతి వాయువులు పైకిపోయి ఓజోను పొరను తినివేయునని చెప్పిరి. 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరెను. 1992లో మన దేశము అందు చేరెను; 2008లో మన దేశమున ఆర్-12 వంటి వాయువుల తయారీ, ఉబ్బసపు మందుల కొరకు తప్ప, ఆగిపోయెను. కావున 1990 ప్రాంతపు కారు గలవారు మొట్టమొదట తెలిసికొనవలసినది తమ యంత్రము ఏ గ్యాసునకు చేయబడినదను సంగతి. బానెట్టు క్రింద చీటీ అంటించియుండును. చీటీ చెరిగిపోయినచో గ్యాసు పట్టు ముక్కులను చూడవలెను. ఆర్-12 ముక్కులకు బయట మరలుండును, సైకిలు ట్యూబు వాల్వువలె. ఆర్-134ఎ ముక్కులు లావుగా, నున్నగా, పట్టు బిగించి తగిలించునట్లుండును. రెండును రెండు పరిమాణములలో నుండును.

ఇక మా సొంత కథ ఒకటి చెప్పక తప్పదు.

1999లో తయారైన ఒక చిన్న కారును మేము కొన్నాళ్ళకు వేరొకరివద్ద కొంటిమి. ఏటేట ఉగాది వెళ్ళగానే ఏసీ వేడిగాలి తోలెడిది. ఏటేట ఒక షెడ్డున గ్యాసు పట్టించెడివారము. మూడవ యేడు మేస్త్రి, "గ్యాసు నిలబడటంలా బాబుగారూ, అయినా మీకు ఆగిపోకుండా ఏర్పాటు చేశాను లెండి," అని ధైర్యము చెప్పెను. ఆ ఏర్పాటు ఏమో మేము అడుగలేదు. అది 2015వ సంవత్సరము, మే నెల. ఆ నెలలో ఆంధ్ర, తెలంగాణములలో వడగాడ్పులకు వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిన సంగతి చదువరులకు జ్ఞాపకముండును. డెబ్బదియెనిమిదేండ్ల మా తల్లిగారిని వెంటబెట్టుకొని గుంటూరునుండి నెల్లూరు బయలుదేరితిమి. ఒంగోలు దాటి సింగరాయకొండ చేరకమునుపే ఇంజను వైపునుండి కీచుమని ఒక అరుపు, రబ్బరు కాలిన వాసన, పిదప పొగ. కంప్రెసరు బిగిసిపోయినది. బెల్టు కాలి తెగినది. ఆ కారున నీటిపంపును కూడ ఆ బెల్టే త్రిప్పును గనుక కారు కదలరాదు. చెట్టు లేని రోడ్డు, మిట్టమధ్యాహ్నము. అల్లంత దూరమున టీ దుకాణము నడుపుకొను ఒక పుణ్యాత్ముడు తడి తువ్వాళ్ళు, మజ్జిగ తెచ్చి ఇచ్చి, మా తల్లిగారిని తన తాటాకు పందిరి క్రిందికి చేర్చినందున గండము గడచినది. మరొక బండి దొరకువరకు రెండుగంటల కాలము ఆమె ముఖము చూచుచు మేము పడిన ఆందోళన చెప్పనలవి కాదు.

తరువాత వేరొక పనివాడు యంత్రము విప్పి చూపగా మేస్త్రి చేసిన "ఏర్పాటు" తెలిసినది. సన్నగొట్టముపై ఒక చిన్న స్విచ్చి యుండును. లోన గ్యాసు తగ్గి ఒత్తిడి పడిపోయినచో అది క్లచ్చికి కరెంటు ఆపివేయును. ఎందుకనగా కంప్రెసరునకు కావలసిన నూనె ఆ గ్యాసుతోనే కలిసి తిరుగుచుండును. గ్యాసు లేనినాడు నూనెయు రాదు. నూనె లేని కంప్రెసరు కొలదికాలములో ఇనుప ముద్దయగును. మా మేస్త్రి ఆ స్విచ్చి తీగెలు రెండింటిని ఒక ముక్కతీగెతో కలిపివేసినాడు. కాపలాదారు నోట గుడ్డ క్రుక్కినట్లు! ఇంతకు, గ్యాసు పోవుచున్న చోటు గ్యాసు పట్టు ముక్కులోని చిన్న వాల్వు పిన్ను. దానిపై మూత కూడ లేదు. మూడేండ్లు గ్యాసు పోసిన ఖర్చు, ఒక కంప్రెసరు ఖర్చు, వీనికి కారణము కొద్ది రూపాయల పిన్ను.

నాటినుండి ఇంటివద్ద మేము చేయు పనులను ఇప్పుడు చెప్పెదము. వీనికి పనిముట్లు దాదాపు అవసరము లేదు. కన్ను, చేయి, చెవి, ఒక థర్మామీటరు, సబ్బునీరు చాలును. ఇంజను తిరుగుచుండగా బానెట్టు ఎత్తి చూచునపుడు మాత్రము కండువా, చీరకొంగు, వేలాడు గొలుసు దగ్గరకు రానీయరాదు. రేడియేటరు వద్దనున్న పంకా ఇంజను ఆపిన తరువాత కూడ దానంతట అది తిరుగుట మొదలిడవచ్చును. అందులోనికి వ్రేలు పోనీయరాదు.

ముందుగా కండెన్సరు. ఏసీ చల్లగా లేదనిన ఫిర్యాదులలో పెక్కింటికి మూలము ఇచటనే యుండునని మా అనుభవము. రోడ్డుపై పోవునపుడు చల్లగానుండి, సిగ్నలువద్ద ఆగగానే వేడిగాలి వచ్చినచో గ్యాసును నిందింపక పంకాను, కండెన్సరును చూడవలెను. పరుగులో ఎదురుగాలి దానిని చల్లబరచును. నిలిచినపుడు పంకా ఒక్కటే దిక్కు. ఏసీ మీట వేయగానే పంకా తిరుగవలెను. తిరుగనిచో ఫ్యూజు, రిలే, మోటారు ఈ వరుసలో చూపించవలెను. పంకా తిరిగినను, కండెన్సరు రేకుల సందులలో పురుగులు, దుమ్ము, ఎండుటాకుల పొడి, ప్రత్తి పింజలు నిండియున్నచో ప్రయోజనము లేదు. రేడియేటరునకును కండెన్సరునకును నడుమ బయటికి కనబడని చోట చాపవలె పేరుకొనియుండుట మేము కన్నులార చూచితిమి. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప, ఉదయముననైన మంచిది, తోటకు నీరుపెట్టు గొట్టముతో మెల్లని ధారగా వీలైనంతవరకు ఇంజను వైపునుండి బయటివైపునకు కడుగవలెను. మెత్తని బ్రష్షు వాడినచో రేకుల వెంట నిలువుగానే దువ్వవలెనుగాని అడ్డముగా కాదు. ఆ అల్యూమినియపు రేకులు కాగితమంత పలుచన. కార్లు కడుగు షెడ్డులలోని పెద్ద ఒత్తిడి నీటిధార తగిలినచో పడుకొనిపోవును, గాలిదారి మూసికొనిపోవును.

పిదప బెల్టు. ఇంజను ఆపి రెండు చక్రముల నడుమ బొటనవ్రేలితో నొక్కినపుడు ఇంచుమించు ఒక సెంటీమీటరు లొంగవలెను. అంతకు మించి ఊగినచో జారును; ఏసీ వేయగానే కీచుమనుట దాని గురుతు. లోపలి వైపు పగుళ్ళు కనబడినచో మార్పించవలెను. తరువాత క్లచ్చి: ఏసీ మీట వేయగానే "టక్కు"మను శబ్దము వినబడి, కంప్రెసరు చక్రపు నడిమి బిళ్ళ కూడ తిరుగవలెను. శబ్దము రానిచో గ్యాసు లేకపోవుట ఒక కారణము మాత్రమే. ఫ్యూజు పోయియుండవచ్చును, తీగె ఊడియుండవచ్చును.

రేడియో ప్రియులకు ఇచట ఒక ముక్క చెప్పవలెను. క్లచ్చి పడినపుడు, విడినపుడు కారు రేడియోలో టపటపమని చప్పుడు వచ్చుచున్నచో అది స్టేషనువారి తప్పు కాదు! క్లచ్చి చుట్టలో కరెంటు ఆగిన క్షణమున లేచు విద్యుత్తు పొంగును మ్రింగుటకు ఒక చిన్న డయోడు పెట్టియుందురు. అది పాడైనదని ఆ చప్పుడు తెలుపుచున్నది. డయోడు వెల స్వల్పము. ఉపేక్షించినచో ఆ పొంగు స్విచ్చిల కొనలను కాల్చును.

చల్లదనము తగ్గుటకు మరొక దొంగ కలడు. పాత కార్లలో చలికాలపు హీటరు కొరకు ఇంజను వేడినీరు డాష్‌బోర్డు క్రిందికి వచ్చును. ఆ నీటిని మూయు కొళాయి తీగె సడలిపోయి కొళాయి కొంచెము తెరచియున్నచో, ఒకవైపు యంత్రము చల్లబరచుచుండ మరొకవైపు వేడినీరు అదే గాలిని కాచుచుండును. హీటరు మీటను చల్లని కొనకు పూర్తిగా జరిపి, ఇంజను కాగిన తరువాత హీటరుకు పోవు రెండు గొట్టములను తాకి చూడవలెను. కొళాయి దాటిన గొట్టము మరిగిపోవుచున్నచో అది మూసికొనలేదన్నమాట. అన్ని కార్లకు ఈ కొళాయి ఉండదు. లేనివానిలో గాలిని మళ్ళించు రెక్క చెడియుండవచ్చును.

ముందు సీటు క్రింద చాప తడిసినదా? వర్షపు నీరని భ్రమపడవలదు. ఇవాపొరేటరుపై గాలిలోని తేమ నీరై కారును. అది చిన్న రబ్బరు గొట్టము ద్వారా కారు క్రిందికి పోవలెను. ఏసీ వేసి నిలిపిన కారు క్రింద నీటిచుక్కలు పడుట ఆరోగ్య లక్షణము. ఆ గొట్టము మట్టితో పూడినచో నీరు లోపలికి పొంగును, ముక్క వాసన వచ్చును. క్రిందినుండి మెత్తని తీగెతోనో, నోటి ఊదుతోనో శుభ్రపరచవచ్చును.

ఇప్పుడు గ్యాసు విషయము. గొట్టములను తాకుటవలన కొంత తెలియును. యంత్రము పది నిమిషములు నడచిన తరువాత లావు గొట్టము చల్లగా, చెమర్చియుండవలెను; కండెన్సరు దాటి వచ్చు సన్నగొట్టము వెచ్చగా నుండవలెను. కంప్రెసరునుండి కండెన్సరునకు పోవు గొట్టము మాత్రము చేయి కాల్చును, దానిని ముట్టరాదు. గాలి వచ్చు కంతలో థర్మామీటరు పెట్టి, వెలుపలి ఎండతోపాటు ప్రతి వేసవి మొదట ఒక పుస్తకమున వ్రాసికొనుచుండుట మా అలవాటు. ఒక్కనాటి అంకె ఏమియు చెప్పదు. మూడేండ్ల అంకెలు చాలా చెప్పును.

కారుచోటును వెదకుటకు రెండు సులభోపాయములు. గ్యాసుతో నూనె తిరుగునని చెప్పితిమి గదా. గ్యాసు జారు చోట నూనెయు జారును. దానిపై దుమ్ము అంటుకొని నల్లని జిడ్డు మచ్చ ఏర్పడును. అతుకుల వద్ద, కంప్రెసరు ముందుభాగమున, కండెన్సరు మూలలలో అట్టి మచ్చలను వెదకవలెను. రెండవది సబ్బునీరు. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, అనుమానమున్న చోట చిక్కని సబ్బునీరు పూసి ఓపికగా చూడవలెను. ముప్పది డిగ్రీల ఉష్ణోగ్రతవద్ద, యంత్రము ఆగియున్నపుడు కూడ లోన 97 పౌనుల వరకు ఒత్తిడి యుండును గనుక రంధ్రమున్నచో బుడగ లేచును. గ్యాసు ముక్కుల మూతలు తీసి అచటను చూడవలెను. పిన్నును మాత్రము నొక్కరాదు. మూతలకు లోపల రబ్బరు బిళ్ళ యున్నదో లేదో చూచి, లేనిచో క్రొత్తవి వేయవలెను. ఆ మూత దుమ్ము పడకుండుటకు మాత్రమేకాదు, గ్యాసు పోకుండ నిలుపుటకు రెండవ తలుపు.

కొందరు గృహస్థులు బజారున దొరకు గ్యాసు డబ్బా, ఒక రబ్బరు గొట్టము కొని తామే నింపుకొనుచున్నారు. ఈ పని ఇంట వలదని మా నిశ్చితాభిప్రాయము. కారణములు చెప్పెదము.

వంటగ్యాసు బండ సగమున్నను, పావున్నను మంట ఒకే తీరుగా నుండును. బండను ఎత్తి చూచినగాని ఎంతయున్నదో తెలియదు. ఇందును అంతే. లోన ఒక్క గుక్కెడు ద్రవమున్నంతవరకు, ఆగియున్న యంత్రపు ఒత్తిడి నిండుగా నున్నప్పటివలెనే యుండును. కావున ఒత్తిడి చూపు చిన్న మీటరు చూచి నింపువాడు గుడ్డివాడే. చిన్న కారునకు పట్టు గ్యాసు అర కిలో ప్రాంతము. అందు నూరు గ్రాములు హెచ్చినను ఒత్తిడి పెరిగి చల్లదనము తగ్గును, కంప్రెసరునకు ఆయాసము కలుగును. ఉన్నదంతయు యంత్రముతో బయటికి లాగి, త్రాసుపై తూచి నింపుటయే సరియైన పద్ధతి.

అంతకంటె ముఖ్యమైనది తేమ. యంత్రమును ఒక్కసారి విప్పినచో గాలి, దానితో తేమ లోనికి పోవును. ఆ తేమ ఎక్స్‌పాన్షను వాల్వువద్ద మంచుబిళ్ళయై దారి మూయును. కాసేపు చల్లదనము, కాసేపు వేడి. నూనెతో కలిసి ఆమ్లమై లోహమును తినును. అందుకే నింపుటకు ముందు వాక్యూము పంపుతో అరగంట, ముప్పాతికగంట సేపు గాలి తోడవలెను. గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసమునుండి సుమారు 30కి దిగినచో నీరు ముప్పది డిగ్రీల లోపలనే మరిగి ఆవిరియై పోవును. తేమను తీయుటకు వేరు మార్గము లేదు. పంపు ఆపిన పిదప ముల్లు కదలక నిలిచినదా అని కూడ చూడవలెను.

ఇక అపాయములు. ద్రవరూపపు గ్యాసు కంటిలో పడినచో చూపు పోవచ్చును, చర్మమును గడ్డకట్టించును. గాలికంటె బరువైనది గనుక మూసిన గదిలో నేలబారున నిండి ఊపిరి ఆడనీయదు. నడచుచున్న యంత్రపు ఎక్కువ ఒత్తిడి ముక్కునకు డబ్బాను తగిలించినచో డబ్బా పగులును. పాత ఆర్-12 మంట తగిలినచో ఫాస్జీన్ వంటి విషవాయువులు పుట్టించును. డబ్బాలో ఉన్నది చీటీపై వ్రాసినదే యను నమ్మకమును లేదు. 2011లో ఓడలపై ఆహారము తరలించు చల్లని పెట్టెలలో ఆర్-134ఎ పేరిట మిథైల్ క్లోరైడు కలిపిన దొంగసరకు నింపగా, అది అల్యూమినియముతో కలిసి గాలి తగులగానే మండు పదార్థమై, వియత్నాం, బ్రెజిలు దేశములలో పనివాండ్ర ప్రాణములు తీసెను. వంటగ్యాసును ఈ యంత్రములో నింపువారును ఉన్నారు. చల్లబరచుట మాట నిజమేగాని, డాష్‌బోర్డు క్రింద చిన్న రంధ్రమున్నచో తలుపులు మూసిన కారులోనికి అది వచ్చి చేరును. ఒక్క నిప్పురవ్వ చాలును.

గాలిలోనికి వదలివేయుట కూడ తప్పే. ఆర్-134ఎ ఓజోనును తాకదు గాని, భూమిని వేడెక్కించుటలో బరువునకు బరువు కార్బన్ డయాక్సైడునకు సుమారు 1,430 రెట్లు. చిన్న కారులోని అర కిలో జారిపోయినచో మూడువందల లీటర్ల పెట్రోలు కాల్చినంత పని. దీని వాడకమును తగ్గించుటకు 2016లో కిగాలీలో ఒప్పందమునకు సవరణ జరిగెను. 2021లో మన దేశము దానికి సమ్మతించెను.

కావున షెడ్డునకు పోవలసినదే. ఐతే పోయి "గ్యాసు పట్టుడు" అని చెప్పుట మాని, "కారుచోటు కనుగొనుడు" అని అడుగవలెను. పొడి నైట్రోజను ఎక్కించి చూచెదరా అని అడుగుడు. టైర్లలో నింపు గాలి ఎక్కించెదమన్నచో అంగీకరింపవలదు. యంత్రము విప్పినపుడు డ్రయ్యరు మార్చెదరా, నూనె ఎంత పోసెదరు, గ్యాసు తూచెదరా యని అడుగుడు. ఆర్-12 కారును ఆర్-134ఎకు మార్పించువారు ఇంకొంత జాగ్రత్త పడవలెను. పాత ఖనిజపు నూనె క్రొత్త గ్యాసుతో కలియదు గనుక అది తిరుగక ఎక్కడనో నిలిచిపోవును. ఎస్టరు నూనె వంటి తగిన నూనెకు మారవలెను. డ్రయ్యరు, రబ్బరు వలయములు క్రొత్త గ్యాసునకు తగినవి వేయవలెను. గ్యాసు పాత తూకములో నూటికి ఎనుబది, తొంబది పాళ్ళే పట్టవలెను. ముక్కులు మార్చి, క్రొత్త చీటీ అంటించవలెను, రేపటి పనివాడు పొరబడకుండ. ఇంత చేసినను మునుపటికంటె చల్లదనము కొంచెము తగ్గినచో పనివానిని నిందింపరాదు. పాత కండెన్సరు ఆ గ్యాసు కొరకు చేసినది కాదు.

మేము కంప్రెసరు మార్పించి, పిన్ను వేయించి, ఆ ముక్కతీగె పీకించిన తరువాత మా కారులో గ్యాసు నాలుగు వేసవులు నిలిచినది. చలికాలములో కూడ వారమునకు ఒక పర్యాయము పది నిమిషములు ఏసీ నడుపుచుంటిమి. కదలక యున్న యంత్రములో ఇరుసు సీలు ఎండిపోయి గ్యాసును వదలును. నడచినచో నూనె దానిని తడుపుచుండును. మార్గశిరమున అద్దములు దించుకొని ఏసీ వేసికొని పోవు మమ్ము చూచి వీధివారు నవ్వెడివారు. మా తల్లిగారు మాత్రము వెనుక సీటులో శాలువ కప్పుకొని, ఏమియు అనక కూర్చుండెడివారు.